ఉదయగిరి బియ్యం లెక్క

మొన్న సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు ఉదయగిరి పోయొచ్చాం. సూళ్లూరుపేటలో పెరిగినవాళ్ళం కదా, రాకెట్ పోతుందంటే డాబా ఎక్కి ఆకాశం కేసి చూస్తాం గానీ, నెల్లూరు జిల్లాలో ఉన్నన్నాళ్ళూ (2022లో మేం తిరుపతి జిల్లాలోకి వచ్చాం లెండి) ఈ కొండ మొహం చూసిన పాపాన పోలేదు.

దాదాపు 3 వేల అడుగుల ఎత్తు. సగం ఎక్కేసరికే నా ఐటీ పొట్ట మొరాయించింది. ఇక్కడికొచ్చి ఎవడు కొడతాడు అనిపించింది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చాడు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని పట్టడానికి ఆయనకే సుమారు ఏడాదిన్నర పట్టింది. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ తర్వాత రాసినదాన్ని బట్టి పైకి ఒకటే దారి, మనుషులు ఒకరి వెనక ఒకరు నడవాల్సినంత సన్నం. రాయలు బండలు పగలగొట్టించి దారులు వేయించాడు. లోపల 10 వేల కాల్బలం, 400 గుర్రాలు. ఆకలితో మాడిస్తే తప్ప ఆ కోట లొంగదని కూడా నూనిజే అంటాడు.

మనం బళ్ళో చదువుకున్నది మాత్రం "జయించాడు" అని ఒక్క ముక్క. నా అభ్యంతరం అక్కడే. మనిషికి రోజుకి అరకిలో వేసుకోండి, 10 వేల మందికి 5 టన్నుల బియ్యం. ఏడాదిన్నరకి 2,700 టన్నుల పైమాటే! గుర్రాల దాణా వేరే. ఆ గాదెలు ఎన్నో నెలకి అడుగంటాయో, ముందు ఎవరికి కోత పెట్టారో.. యుద్ధమంటే నాకైతే అదే. రాయలంటే నాకూ ఇష్టమే, కానీ లోపల మాడినవాళ్ళు కూడా మనుషులే కదండీ.

1687లో గోల్కొండ దగ్గర కథ తిరగబడింది. ఎనిమిది నెలల ముట్టడిలో ఆకలి, రోగాలు బయటున్న మొగలుల్నే పీడించాయి. చివరికి లోపలి సర్దారొకడు రాత్రిపూట తలుపు తీశాడు. ఎంత ఫైర్‌వాల్ పెట్టినా పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించేవాడు ఒకడుంటాడు :)

ఇదంతా పాతకథ అనుకోకండి. సిరియాలో క్రాక్ దె షెవాలియే కోట 1271లో బైబర్స్‌కి లొంగింది. 2013లో మళ్ళీ అందులో తిరుగుబాటుదారులు చేరితే విమానాల్లోంచి బాంబులేశారు. ఎత్తు మీద ఉండటమే దాని ఖర్మ.

ఉదయగిరి బాలకృష్ణుణ్ణి రాయలు హంపికి తీసుకెళ్ళి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విజయానికి అక్కడ గుడీ ఉంది, శాసనమూ ఉంది. ఈ కొండ కింద ఒక బోర్డు పెట్టి, అందులో ఆ బియ్యం లెక్క కూడా రాస్తే బాగుండు. వెళ్ళేవాళ్ళు మాత్రం నీళ్ళు బాగా పట్టుకెళ్ళండి. మాకు సగంలోనే అయిపోయాయి.