ఋతుఫలములు – మధుమేహము



మధుమేహము కలదని వైద్యుడు చెప్పినంతనే మన యిండ్లలో మొట్టమొదట పండ్లబుట్ట దూరమగుచున్నది. అన్నపుగిన్నె మాత్రము యథాప్రకారము నిండుచునే యున్నది. ఈ తారుమారును గూర్చియే యీ మాసమున ముచ్చటింపదలచితిమి.

ఈ వ్యాధి మనకు క్రొత్తది కాదు. చరక సుశ్రుతులు దీనిని ప్రమేహములలో చేర్చి వర్ణించిరి. నేడది యింటింటి మాట యైనది. భారత వైద్య పరిశోధనా మండలి పక్షమున జరిగిన పరిశీలనము 2023లో వెలువడి, దేశమున 10 కోట్లకు పైబడిన జనులకు మధుమేహము కలదని తెలిపినది.

పండులోని తీపి పీచుతో కూడియుండును. నమలి తినినచో నెమ్మదిగా రక్తమున కలియును. రసము తీసి వడగట్టినచో పీచు పోవును. మూడు కాయల తీపి యొక్క గ్రుక్కలో లోనికేగును. కావున పులివెందుల చీనీకాయను తొనలుగా తినుడు, రసముగా త్రాగకుడు.

మన మైదుకూరు సీమలో వేసవికి మామిడి, తొలకరికి నేరేడు, శరత్తునకు సీతాఫలము, చలికాలమునకు జామ, రేగు వచ్చును. నేరేడు, జామలకంటె మామిడి, సీతాఫలములలో తీపి మెండు. సగము పండుతో తృప్తి పడవలెను. ఏ పండైనను ఆ పూట అన్నము కొంత తగ్గించి తినవలెనే గాని, కడుపార భుజించిన పిమ్మట తినరాదు. రాగిసంగటియు నంతే. అది మంచి యాహారమే గాని మందు కాదు. రెండవ ముద్ద వేసికొన్నచో చక్కెర పెరుగకమానదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు దినమునకు 400 గ్రాముల కూరలు, 100 గ్రాముల పండ్లు తినవలెనని 2024లో సూచించిరి. ఇంత కూర కొనుట యెట్లందురా? వానకాలమున బీర, సొర, కాకర, చలికాలమున చిక్కుడు, ముల్లంగి విరివిగా వచ్చి చౌకగా దొరకును. ఋతువును పాటించుటలోని మేలు ముఖ్యముగా నిదియే.

కాకరరసమును, నేరేడుగింజల పొడిని నమ్మి మాత్రలు మానరాదు. మాత్రలతోపాటు వానిని సేవించినచో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. చెమట, వణుకు, కన్నులు తిరుగుట కనిపించిన, తెలివితో నున్నప్పుడే మూడు చెంచాల చక్కెర నీట కలిపి త్రాగింపవలెను. పిదప వైద్యునకు చెప్పవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు పండ్ల విషయమున వైద్యుని సలహా పొందవలెను.

తుదకొక్క మాట. ఇంటిల్లిపాదికి కూర వడ్డించి, గిన్నె అడుగు కనబడగా, ఊరగాయతో అన్నము తిని లేచు గృహిణులు మనలో నెందరో కలరు. మధుమేహము గల యిల్లాలికి ఈ త్యాగము విషమగును. ఆమె పాలు కూరను వడ్డనకు ముందే తీసి వేరుగా నుంచుడు. అది స్వార్థము కాదు. ఆమెకు వలయు పథ్యము.