కుటుంబ ప్రశ్నలు: ఆస్ట్రేలియాకు స్విచ్చులు పట్టుకొని వెళ్లవచ్చునా?



పల్నాడు ప్రాంతపు గ్రామము నుండి ఒక దంపతులు వ్రాసిన ఉత్తరము ఈ నెల చేతికందినది. కోడలి పురిటికి వారు మెల్‌బోర్న్ వెళ్లుచున్నారు. కుమారుడు ఫోన్ చేసి, హైదరాబాదులో ఎనిమిది స్మార్టు స్విచ్చులు, తలుపులకు పెట్టు నాలుగు సెన్సార్లు కొని తెమ్మన్నాడట. "ఇక్కడ ఎలక్ట్రీషియన్ కూలి స్విచ్చుల ఖరీదుకంటె ఎక్కువ, నేనే బిగించుకుంటాను" అన్నాడట. "ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నవే కొంటున్నాము అయ్యగారూ, ఇందులో తప్పున్నదా?" అని అడిగియున్నారు. మన సంఘములలో బిడ్డలు ఆ దేశములో ఉన్న కుటుంబములు అనేకములు గనుక జవాబు ఇక్కడనే వ్రాయుచున్నాను.

గోడలో బిగించు స్విచ్చులు తీసికొని వెళ్లవద్దు. సెన్సార్ల సంగతి వేరు, అది తరువాత చెప్పెదను.

ఇందులో మోసపోవుటకు ఒక కారణమున్నది. మన దేశములోను ఆస్ట్రేలియాలోను కరెంటు 230 వోల్టులే, 50 హెర్ట్‌జులే. కనుక మన స్విచ్చి అక్కడ వెలుగును, ఫోనులోని ఆజ్ఞకు లోబడును. పని చేయుచున్నది గదా, ఇక భయమేమి అని అనిపించును. కాని పని చేయుట వేరు, పది సంవత్సరములు గోడలో కాలిపోకుండ ఉండుట వేరు.

ఐ.ఎస్.ఐ. గుర్తు మంచిదే, దానిని నేను తక్కువ చేయను. అయితే అది మన దేశపు ప్రమాణములకు చెందిన గుర్తు. ఆస్ట్రేలియాలోను న్యూజీలాండులోను చూడవలసిన గుర్తు ఆర్.సి.ఎం. అనునది. వలయము, త్రిభుజము, టిక్కు కలిసిన చిన్న గుర్తు అది. 2013లో అమలులోనికి వచ్చి, అంతకుముందున్న సి-టిక్, ఎ-టిక్ గుర్తుల స్థానమును తీసికొన్నది. అట్టపెట్టెమీద తరచుగా కనబడు సి.ఇ. గుర్తు ఐరోపాకు చెందినది. చాలా వస్తువుల విషయములో దానిని తయారుచేసినవారే వేసికొందురు. ఆస్ట్రేలియాలో అది ఆర్.సి.ఎం.కు బదులు కాదు.

ఆ గుర్తు వెనుక ఒక ఏర్పాటున్నది. అపాయము ఎంత అనుదానిని బట్టి ఇంటి విద్యుత్ వస్తువులను మూడు తరగతులుగా విభజించిరి. గోడ స్విచ్చి, సాకెట్టు, ప్లగ్గు, చార్జరు వంటివి మూడవ తరగతి, అనగా ఎక్కువ అపాయము గలవి. వీటికి పరీక్ష జరిగిన తరువాత ఇచ్చు ధ్రువపత్రము ఉండవలెను. అమ్మువాడు బాధ్యుడైన సరఫరాదారుడుగా పేరు నమోదు చేసికొనవలెను. గుర్తును ఎవడైనను దొంగతనముగా అచ్చు వేయవచ్చును గనుక, ధ్రువపత్రము నెంబరు అడిగి, ఇ.ఇ.ఎస్.ఎస్. అను ప్రభుత్వ నమోదులో సరిచూచుకొనుట మేలు. ఇంటర్నెట్టులో ఎవరైనను వెదకవచ్చును. అబ్బాయికి ఇది అయిదు నిమిషముల పని. మన సూట్‌కేసులో వెళ్లిన స్విచ్చికి ఆ దేశములో బాధ్యుడెవరును లేడు.

ఇదంతయు కాగితముల గొడవ అనుకొనవద్దు. 2014లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రములో ఒక యువతి విద్యుత్ ఘాతముతో మరణించినది. ప్రమాణములకు సరిపోని చౌక యు.ఎస్.బి. చార్జరే దానికి కారణమని అధికారులు భావించి, అట్టి చార్జర్లను గూర్చి ప్రజలను హెచ్చరించిరి. అదే సంవత్సరము ఇన్ఫినిటీ అను పేరుగల విద్యుత్ తీగెలను దేశమంతట వెనుకకు పిలిపించిరి. వేలాది ఇండ్ల గోడలలో వేసిన ఆ తీగెల పై తొడుగు కాలము రాకముందే పెళుసుబారునని తేలినది. గోడలోనికి పోయినదానిని తిరిగి బయటికి తీయుట ఎంత కష్టమో ఇల్లు కట్టినవారికి తెలియును.

ఇక "నేనే బిగించుకుంటాను" అను మాట. మన ఊరిలో తెలిసిన కుర్రవాడు వచ్చి మెయిను ఆపి స్విచ్చి మార్చును. అక్కడ లైసెన్సు లేనివాడు గోడలోని వైరింగును ముట్టుట చట్టవిరుద్ధము, తన సొంత ఇల్లయినను సరే. ఇందుకు తగిన కారణమున్నది. స్మార్టు స్విచ్చి దీపము ఆర్పినప్పుడు కూడ తాను మెలకువగా ఉండవలెను గనుక, చాలా రకములకు న్యూట్రల్ తీగె కావలెను. అక్కడి అనేక పాత ఇండ్లలో స్విచ్చి పెట్టెలోనికి న్యూట్రల్ రాదు. తెలియనివాడు ఎర్తు తీగెను న్యూట్రల్‌గా కలిపివేయును, దీపము వెలుగును. కాని అపాయములో కాపాడవలసిన తీగెలో నిత్యము కరెంటు పారుచుండును. ఎక్కడనైనా ఆ ఎర్తు తెగినయెడల, దానికి కలిసియున్న ఇనుప వస్తువులు షాకు కొట్టవచ్చును. పైగా మన స్విచ్చుల కొలత వేరు, అక్కడి పెట్టెలో సరిగా కూర్చొనదు. లైసెన్సు గలవాడు పని చేసినయెడల, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రములో విద్యుత్ భద్రతా పత్రము వ్రాసి ఇచ్చును. కూలి ఎక్కువే, నిజము. ఎనిమిది స్విచ్చులకు డబ్బు చాలనియెడల రెండే పెట్టించుకొనవచ్చును. చేతితో నొక్కు స్విచ్చితో దీపము వెలిగించుకొనుట లేమి కాదు గదా!

ధర్మశాస్త్రములో, ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో, ఇల్లు కట్టువాడు మేడ చుట్టు అడ్డుగోడ పెట్టవలెనను ఆజ్ఞ ఉన్నది. తాను జాగ్రత్తగా నడచువాడైనను, పైకి వచ్చినవాడెవడైనను పడినచో లెక్క ఇంటి యజమానునిదే. ఈ కుమారుడు తాను బిగించినది తనకు తెలియును గనుక జాగ్రత్తగానే ఉండును. అతని తరువాత ఆ ఇంటిలో చేరు కుటుంబమునకు తెలియదు. మరమ్మతునకు వచ్చి గోడ విప్పు పనివానికి తెలియదు. అద్దె ఇల్లయితే యజమాని అనుమతి లేక వైరింగు ముట్టనే కూడదు.

సెన్సార్ల విషయము. బ్యాటరీతో నడచు తలుపు సెన్సారు, మనిషి కదలికను కనిపెట్టు సెన్సారు, నీరు కారినచో కూయు సెన్సారు, వీటిని జిగురు పట్టీతో అంటించుకొనవచ్చును, ఎలక్ట్రీషియన్ అవసరము లేదు. అద్దె ఇంటివారికి ఇవే అనుకూలము. అయినను అక్కడనే కొనుడి. రేడియో తరంగముల విషయములో దేశమునకొక నియమము. ఉదాహరణకు జెడ్-వేవ్ అను రకము మన దేశములో 865 మెగాహెర్ట్‌జుల దగ్గర, ఆస్ట్రేలియాలో 921 దగ్గర మాట్లాడును. ఇక్కడిది అక్కడి పెట్టెతో మాటాడదు, ఆ తరంగమును అక్కడ వాడుటకు అనుమతియు లేదు.

పసిబిడ్డ రాబోవు ఇల్లు గనుక ఇంకొక మాట గట్టిగా చెప్పవలెను. ఈ సెన్సార్లలో అనేకములు బొత్తాము వంటి గుండ్రని బ్యాటరీతో నడచును. పిల్లవాడు దానిని మింగినయెడల గొంతులో ఇరుక్కొని, రెండు గంటలలోనే లోపల కాల్చివేయగలదు. ఆస్ట్రేలియాలో దీనివలన పిల్లలు మరణించిరి. అందువలన 2022 జూన్ 22 నుండి, పిల్లలు తెరువలేనట్లు బ్యాటరీ గది మూత మరలతోనో మరొక విధముగానో బిగియుండవలెనని అక్కడ చట్టము వచ్చినది. గోరుతో లాగగా ఊడివచ్చు మూత గల సెన్సారు ఎంత చౌక అయినను వద్దు. పాత బ్యాటరీ తీసిన వెంటనే రెండు వైపుల టేపు చుట్టి, బిడ్డకు అందని చోట పెట్టుడి. మింగినట్టు అనుమానము కలిగినను, వాంతి చేయింపక, లక్షణములకొరకు కనిపెట్టక, అక్కడి విషప్రమాద సహాయ నెంబరు 13 11 26కు వెంటనే ఫోన్ చేయవలెను. ఆ నెంబరును ఫ్రిజ్జి తలుపుమీద పెద్ద అక్షరములతో అంటించుట అమ్మమ్మ నాయనమ్మలు చేయదగిన పని.