హోసూరు షెడ్డు ముందు ఆగని బస్సు

2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరెళ్ళడానికి ఫణీంద్ర సామకు బస్సు టికెట్ దొరకలేదు. మరుసటి ఏడాది బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి రెడ్‌బస్ పెట్టారు. స్టార్టప్ సభల్లో అరిగిపోయిన కథ ఇది. పండక్కి టికెట్ దొరక్క తిట్టుకున్నవాళ్ళు ఆ రాత్రి వేలమంది ఉండి ఉంటారు. ఫణీంద్ర మాత్రం ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగి, సీటు అసలు ఎలా అమ్ముడవుతుందో కనుక్కున్నారు.

అప్పట్లో ఏజెంటు ఆపరేటరుకు ఫోన్ చేసేవాడు. ఆపరేటరు చార్టు చూసి, పెన్నుతో ఆ సీటు కొట్టేసేవాడు. ఏ బస్సులో ఎన్ని ఖాళీలున్నాయో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలిసేది కాదు. ఒకపక్క జనానికి టికెట్లుండేవి కావు, ఇంకోపక్క బస్సు ఖాళీగా కదిలేది. సాఫ్ట్‌వేర్ రాసిస్తామంటే ఆపరేటర్లు మొదట పట్టించుకోలేదు. ‘అయితే కొన్ని సీట్లివ్వండి, అమ్మి పెడతాం, కమీషనివ్వండి’ అన్నారు ఈ ముగ్గురు మిత్రులు. ఆపరేటర్ల సాఫ్ట్‌వేర్ నిలదొక్కుకున్నది ఆ తర్వాతే. 2013లో నాస్పర్స్‌కు చెందిన ఐబిబో కొనేదాకా, 2018లో ఫణీంద్ర తెలంగాణ చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసరయ్యేదాకా సాగిన ప్రయాణానికి ఇంధనం ఆ కౌంటర్ల దగ్గరే దొరికిందని నా అభిప్రాయం. వెబ్‌సైట్ ఎవరైనా కడతారు.

ఆ కౌంటర్ల నుంచి ఇప్పుడు హోసూరుకు వద్దాం. బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలోని ఈ తమిళనాడు పట్టణంలో తెలుగిళ్ళ పిల్లలు పొద్దున్నే అత్తిబెలె మీదుగా ఎలక్ట్రానిక్ సిటీ వెళ్ళే బస్సెక్కుతారు. జీతానికి ఢోకా లేదు, తప్పుపట్టడానికీ లేదు. కానీ హోసూరులోనే టీవీఎస్ ఉంది, వాళ్ళ బస్సు దాటిపోయే సిప్‌కాట్ పారిశ్రామికవాడలో అశోక్ లేలాండ్, టైటాన్ ఉన్నాయి. వాటి చుట్టూ జాబ్ వర్క్ చేసే చిన్న షెడ్లున్నాయి. ఇప్పుడు ఏథర్ కూడా వచ్చింది.

అలాంటి షెడ్డు ఒకటి లోపల ఎలా ఉంటుందంటే, సీఎన్‌సీ మెషిన్ కంప్యూటర్ మీద నడుస్తుంది, లెక్కలు నోటుబుక్కులో నడుస్తాయి. డ్రాయింగ్ వాట్సాప్‌లో వస్తుంది. పెద్ద కంపెనీ పంపే ముడిసరుకు చలాన్ మీద దిగుతుంది. జీఎస్టీ చట్టం ప్రకారం ఆ సరుకు ఏడాదిలోపు తిరిగి వెళ్ళకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పంపినవాళ్ళ మీద పన్ను వేస్తారు. వెళ్ళిన పీసులెన్ని, తుక్కు ఎంత, రిజెక్టయినవి ఎన్ని అన్నది గుమాస్తా జ్ఞాపకంలో ఉంటుంది. ఆయన సెలవు పెడితే లెక్క కూడా సెలవే. ఇక బిల్లుకు 45 రోజుల్లో డబ్బివ్వాలని చట్టమున్నా, గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందేమోనని యజమాని భయం.

ఈ లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్‌కు చిన్న యజమాని డబ్బు పెట్టడంటారు. నిజమే, పెట్టడు. బస్సు ఆపరేటర్లూ పెట్టలేదు కదా! ఆగిన బిల్లు వసూలయ్యాక అందులో కొంత తీసుకునే పద్ధతైతే మాట వేరుగా ఉండొచ్చు. అయితే ఇందులో చిక్కూ ఉంది. సీటు ఖాళీగా ఉందని చెప్పుకుంటే ఆపరేటరుకు లాభమే, తన రేటు బయటపడితే షెడ్డు యజమానికి నష్టం. ఆ గుట్టు కాపాడే ఏర్పాటు ముందు చేయాలి, యాప్ రంగులు తర్వాత చూసుకోవచ్చు.

హోసూరులో ఐటీ పార్కుకు స్థలమిస్తే కంపెనీలు పుడతాయనే నమ్మకం ప్రభుత్వానిది. నాకైతే అంత నమ్మకం లేదు. ఇంజనీరింగ్ కాలేజీలు ఇంటర్న్‌షిప్ పేరుతో పిల్లల్ని బెంగళూరుకు పంపే రోజుల్లో కొన్నింటిని, షెడ్డులో చలాన్లు రాసే గుమాస్తా పక్కన కూర్చోబెట్టడానికి వాడొచ్చు. యజమానులకు హోస్టియా అనే చిన్న పరిశ్రమల సంఘం ఎలాగూ ఉంది. పరిచయం చేసిపెట్టడానికి దానికి ఏ జీవో అక్కర్లేదు.