ప్లాస్టిక్ రజను – లోహవిషము

నీరు తేటగా నున్నంత మాత్రమున మంచిదని నమ్ముట ధర్మపురి జిల్లావారమైన మనకు తగదు. ఇచ్చటి బావినీటిలోని ఫ్లోరైడు కంటి కగపడకయే ఎందరి పండ్లను గారపట్టించినదో మన విద్యార్థు లెరుగుదురు. ఆ బాధను మాన్పుటకే 2013లో హొగెనకల్ కావేరినీటి పథకము ప్రారంభమైనది. అట్లు కంటి కగపడని కీడు మరియొకటి కలదు.

ప్లాస్టిక్ సంచి కుళ్లదు. ఎండకు పెళుసై, నలిగి, రజనగును. ఇట్టి తునకలకు 2004లో రిచర్డ్ థాంప్సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మైక్రోప్లాస్టిక్కు లను పేరు ప్రచారములోనికి తెచ్చెను. అయిదు మిల్లీమీటర్లకు లోబడినవన్నియు ఈ లెక్కలోనివే. క్రొత్త ప్లాస్టిక్ నున్నగా నుండుటచే లోహములు దాని కంతగా నంటవు. ఎండలో మాగి, నీటిలో నానినకొలది దాని పైభాగము గరుకై, ప్రాణవాయువుతో కూడి, ఋణవిద్యుత్తును పొందును. నీటిలో కరిగిన సీసము, కాడ్మియము, రాగి ధనవిద్యుత్తు గలవి గనుక దానిని పట్టుకొనును. పైన పాచి పేరుకొన్నచో మరింత అంటును. చేప ఆ తునకను మ్రింగినపుడు కడుపులోని ఆమ్లమువలన లోహములో కొంత విడివడును.

లోహమును ప్లాస్టిక్ పీల్చిన నీరు శుభ్రపడును గదా యని కొందరందురు. బురదయు లోహమును పీల్చును. కాని బురద అడుగున నిలుచును. తేలిక ప్లాస్టిక్ తేలిపోయి, మేతయని భ్రమించిన జీవుల నోట పడును. ఇదియే భేదము.

నందికొండల చెంత పుట్టిన ఉత్తర పినాకిని తిక్కన సోమయాజి యూరైన నెల్లూరికి పోవును. దాని తోబుట్టువగు దక్షిణ పినాకిని హోసూరు మీదుగా మన జిల్లాను తాకి కడలూరు వద్ద సముద్రమున గలియును. బెంగుళూరు మురుగు చేరుటచే కెలవరపల్లి ఆనకట్టవద్ద ఆ యేటిపై నురుగు గుట్టలుగా లేచుట పలుమారు జరిగినది. బెంగుళూరును నిందించుట సులభము. మన సంగతి యేమి? ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్కును తమిళనాడు ప్రభుత్వము 1-1-2019 నుండి నిషేధించినది. 2021లో పసుపు గుడ్డసంచిని మరల వాడుడని ప్రచారమును మొదలిడినది. అయినను అంగడికి వట్టిచేతులతో పోయి సంచి నడుగువారమే పెక్కండ్రము.

అంతకన్న మమ్ము కలవరపరచునది మరొకటి. పాత బ్యాటరీలు, రంగుడబ్బాలు, సంచులు ఒకే కుప్పగా చెరువుగట్టున వేయుచున్నారు. లోహమును, దానిని మోయు వాహనమును మనమే జతపరచుట గదా! నీటిని కాచినను సీసము పోదు.

కావున పాత బ్యాటరీలకు మన పాఠశాలలో వేరొక డబ్బా నుంచవలెనని మేము కోరుచున్నాము. అది నిండిన పిదప సేకరించువారికి అప్పగింపవచ్చును. మూత గల పాత పెట్టె యొకటి చాలును.