కంట్లో బాయి

సెంటినరీ కాలనీలో ఓ క్వార్టర్ వరండా. బొగ్గుబాయిలో ఫస్ట్ షిఫ్టు దిగొచ్చిన తండ్రి చాయ్ తాగుతున్నాడు. హైదరాబాద్‌లో కండ్లు చూపించుకొని వచ్చిన బిడ్డ పక్కన కూర్చుంది. ఆరో తరగతి నుంచీ ముక్కు మీద మోస్తున్న అద్దాలను దించేయాలని ఆమె ఆశ. లేజర్‌లో మూడు రకాలున్నాయట.

"ఏం తేడా బిడ్డా?" అన్నాడాయన.

పీఆర్‌కేలో కార్నియా మీది పల్చటి పొరను తీసేసి, కింద లేజర్‌తో చెక్కుతారు. పొర కొన్ని రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. అప్పటిదాకా మంట, మసక తప్పవు. లాసిక్‌లో పైపొరను మూతలా లేపి, పని కాగానే మూసేస్తారు. చూపు త్వరగా తేటపడుతుంది కానీ, ఆ కంటికి దెబ్బ తగలకుండా చూసుకోవాలి. స్మైల్‌లో మూతే ఉండదు. లోపలే లేజర్‌తో పల్చని బిళ్లలా కోసి, చిన్న గాటులోంచి బయటకు తీస్తారు.

ఆయన నవ్వాడు. "మొదటిది ఓపెన్‌కాస్టు. మీది మట్టి తీసి పనిచేసుడు. చివరిది అండర్‌గ్రౌండ్. నడిమిదానికి మాత్రం మన దగ్గర బాయి లేదు."

ఓపెన్‌కాస్టులూ, అడ్రియాల లాంగ్‌వాల్ గనీ ఉన్న ఊరి పోలిక అది. అబద్ధమేమీ కాదు. కార్నియా మందం అటూఇటూగా అర మిల్లీమీటరే. ముందు దాన్ని కొలిచాకే డాక్టర్లు దారి చెబుతారు. పల్చగా ఉంటే లాసిక్ వద్దంటారు, మరీ పల్చనైతే లేజరే వద్దంటారు. పైకప్పు నిలవాలంటే కొంత బొగ్గు వదలాలని బాయి దిగినవాళ్లకు వేరే చెప్పాలా?

మొదటి రెండు లేజర్ పద్ధతుల వెనకా ఓ ఇంటి విందు ఉంది. మద్రాసులో చదివి అమెరికాలో ఐబీఎంలో చేరిన రంగస్వామి శ్రీనివాసన్, 1981లో పండుగనాడు మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబుకు పట్టుకెళ్లి ఎక్సైమర్ లేజర్ కింద పెట్టారు. చుట్టుపక్కల కమలకుండా తెగింది. కొత్తదాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరైనా చేతికందిందే వాడతారు. ఆయనకు కోడి ముక్క, ఈయనకు బొగ్గుబాయి.

పేపరును చేయి చాచి పట్టుకున్న తండ్రిని చూసి, "నీకూ చేయిద్దామా బాపూ?" అంది బిడ్డ.

ఆయనది చత్వారం. పేరులోనే నలభై ఉంది. వయసుతో లోపలి కటకం గట్టిపడితే వచ్చేది. కార్నియాను చెక్కే లేజర్ దాన్ని ఆపలేదు.

"నాకెందుకు గానీ," అన్నాడాయన, జేబులోంచి అద్దాలు తీసి తుడుచుకుంటూ. "నీ అద్దాల పెట్టె పారేయకు. నలభై దాటినంక పనికొస్తది."