ఇనుము కోసం మట్టిలో పోరాటం

1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ కొలిమిని ప్రారంభించారు. సోవియట్ సహకారంతో వెలసిన ఆ ఉక్కు పట్టణానికి దేశం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. వారిలో తెలుగు కుటుంబాలు ఎన్నో. రాజ్‌హరా గనుల రాతిని కరిగించి ఇనుము తీయడానికి మానవుడు పడే పాటు ఎంతటిదో భిలాయివాసికి వేరే చెప్పనక్కరలేదు. కాని పట్టణ పొలిమేర దాటితే, శనగ చేల అడుగున, అదే ఇనుము కోసం మరొక పోరాటం నిత్యం జరుగుతున్నది. అందులోని యోధులు కంటికి కనిపించరు. వారి జయాపజయాలపై రైతు పంట ఆధారపడి ఉంటుంది.

దుర్గ్, బెమెతరా ప్రాంతాలలో నల్లరేగడిని 'కన్హార్' అంటారు. శీతకాలంలో ఆ నేలలో శనగ వేస్తారు. లేత చిగుళ్ళు గిల్లి కూర వండుకుంటారు. గింజ అమ్మి అవసరాలు గడుపుకుంటారు. అటువంటి చేనులో ఒకనాటి ఉదయం అక్కడక్కడా మొక్కలు తలలు వాలుస్తాయి. ఆకు ఇంకా పచ్చగానే ఉంటుంది. నేలలో తేమ ఉంటుంది. అయినా మొక్క దాహంతో మరణిస్తుంది. దానిని పెరికి కాండాన్ని నిలువునా చీల్చి చూస్తే లోపల ముదురు గోధుమరంగు చార కనిపిస్తుంది. ఫ్యూజేరియం అనే శిలీంధ్రం వేరు గుండా ప్రవేశించి, నీరు ప్రవహించే నాళాలను మూసివేసిందన్నమాట. ఇదే ఎండు తెగులు. శనగ వేయకపోయినా ఆ శిలీంధ్రం ఆరు సంవత్సరాల వరకు నేలలో బ్రతికి ఉండగలదు. చేనంతటి మట్టికీ మందు పెట్టడం ఎవరికి సాధ్యం?

ఈ శత్రువుకు మట్టిలోనే ఒక ప్రత్యర్థి ఉన్నది. దాని పేరు సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. వేళ్ళ నుండి స్రవించే చక్కెరలను ఆహారంగా గ్రహిస్తూ, వేరును అంటిపెట్టుకొని జీవించే బాక్టీరియా ఇది. దీని ఆయుధాలలో చిత్రమైనది ఇనుమును దక్కించుకొనే నేర్పు.

మట్టిలో ఇనుముకు కొదవ లేదు. అయితే గాలి సోకే నేలలో అది తుప్పువంటి రూపంలో బిగుసుకొని ఉంటుంది. నీటిలో దాదాపు కరగదు. సముద్రం నడుమ ఉన్నవాడికి దాహం తీరనట్లు, ఇనుము నడుమనే సూక్ష్మజీవులు ఇనుము లేక అలమటిస్తాయి. అప్పుడీ బాక్టీరియా పసుపుపచ్చని మెరుపు గల ఒక పదార్థాన్ని బయటికి పంపుతుంది. శాస్త్రజ్ఞులు ఇటువంటి పదార్థాలను సిడెరోఫోర్లు అంటారు. గ్రీకు భాషలో ఇనుమును మోసేవి అని అర్థం. అది దొరికిన ఇనుమును గట్టిగా పట్టుకొని యజమాని వద్దకు చేరుస్తుంది. ఇనుము అందని శిలీంధ్రం ఎదగలేక క్షీణిస్తుంది.

ఇది ఊహ కాదని 1980లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ క్లోపర్, మిల్టన్ ష్రాత్, వారి సహచరులు నిరూపించారు. ఫ్యూజేరియం తెగులుకు లోనయ్యే మట్టిలో ఈ బాక్టీరియాను గాని, అది తయారుచేసే సిడెరోఫోర్‌ను గాని కలిపితే తెగులు తగ్గింది. తెగులును సహజంగా అణచివేసే మట్టికి తేలికగా అందే ఇనుమును చేర్చగా, ఆ శక్తి నశించింది. శిలీంధ్రం ఓడుతున్నది ఇనుము కరవు వల్లనే అనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

ప్రయోగశాలలోని జీవిని పొలానికి చేర్చడం వేరొక సమస్య. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విద్యాశేఖరన్, ముత్తమిళన్ దీనిని టాల్కు పొడి వంటి పదార్థాలలో కలిపి నిలవ ఉంచే పద్ధతులను రూపొందించారు. 1995లో వెలువడిన వారి పరిశోధన ప్రత్యేకించి శనగ ఎండు తెగులు గురించినదే. నేడు కిలో విత్తనానికి పది గ్రాముల పొడి పట్టించి, నీడన ఆరబెట్టి విత్తడం సాధారణ పద్ధతి. హెక్టారుకు రెండున్నర కిలోల పొడిని యాభై కిలోల పశువుల ఎరువులో కలిపి చేనుకు వేయడమూ ఉన్నది. చేనంతటికీ కాపలా పెట్టే బదులు, ప్రతి గింజకూ ఒక అంగరక్షకుణ్ణి తోడిచ్చి పంపడమే ఇందులోని కిటుకు.

అయితే దీనిని సంజీవనిగా భావించరాదు. తల వాల్చిన మొక్కను ఇది బ్రతికించలేదు; రక్షణ విత్తే రోజుననే మొదలు కావాలి. పొడిలో ఉన్నవి ప్రాణులు గనుక ఎండలో పెట్టిన సంచి, గడువు తీరిన పొట్లం నిష్ప్రయోజనం. రాగి మందులతో గాని, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులతో గాని కలిపితే రక్షకులే ముందు హతులవుతారు. నీరు నిలిచిన వరి మడిలో ఇనుము కరిగి అందరికీ అందుతుంది. అక్కడ ఈ ఆయుధం పదును తగ్గుతుంది. శిలీంధ్రాన్ని అణచే రసాయనాలు, మొక్కలో నిరోధకశక్తిని మేల్కొలిపే గుణం దీనికి ఉండబట్టి వరిలోనూ ఉపయోగపడుతున్నది. తెగులును తట్టుకొనే జె.జి. 11 వంటి విత్తనాన్ని ఎంచుకోవడం, పంట మార్చడం ఎప్పటివలెనే అవసరం.

భిలాయి కొలిమిలో ఇనుము కరగాలంటే వెయ్యి డిగ్రీలకు మించిన వేడి కావాలి. శనగ వేరు చెంత అదే ఇనుమును ఒక సూక్ష్మజీవి మంట లేకుండా, సడి లేకుండా చేజిక్కించుకుంటున్నది. రైతు చేయవలసినదల్లా ఆ మిత్రుణ్ణి సకాలంలో, సజీవంగా, గింజతోపాటు మట్టికి అప్పగించడమే.