సీటు సరే, వర్క్‌షాపు?
1987లో మొదలైన ఆస్ట్రేలియా సౌరశక్తి కార్ల పందెం డార్విన్ నుంచి అడిలైడ్ దాకా, సుమారు 3,000 కిలోమీటర్లు. కార్లు తయారుచేసేది ఎక్కువగా ఇంజనీరింగ్ విద్యార్థులే. అక్కడొక నియమం ఉంది: డ్రైవరు 80 కిలోలకు తగ్గితే ఆ తేడా మేరకు బరువు కారులో పెట్టాలి. తేలికైన శరీరం వల్ల ఎవరికీ లాభం రాకూడదని. శరీరాల తేడాను ఇంత శ్రద్ధగా లెక్కగట్టే విద్య మన హాస్టలు గేటు దగ్గర ఏమవుతోంది?

ఇక్కడా విద్యార్థులు ఇలాంటి కార్లు చేస్తున్నారు. తరగతులయ్యాకే వర్క్‌షాపులో అసలు పని. అప్పటికి చాలాచోట్ల అమ్మాయిలు లోపలికి వెళ్లిపోవాలి. వాళ్లకు మిగిలేది రిపోర్టు రాయడం.

2018 నుంచి ఐఐటీలు అమ్మాయిలకు అదనపు సీట్లు ఇస్తున్నాయి. సంతోషమే. ఆ సీటుతోబాటు రాత్రిపూట వర్క్‌షాపు తాళంచెవి కూడా ఇవ్వాలని అడుగుతున్నాం.